మోటరు నడుస్తున్నది, నీళ్ళు పోస్తున్నయా?

(మెట్‌పల్లిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ముందు వరుసలో కూర్చున్న మా బడి సారు ఇంటి అమ్మకు పాదాభివందనం. సారు పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం సారు అనే అంటాను. ఆయన బతికుండగా మాలో ఎవరమూ పేరు పెట్టి పిలవలేదు, ఇవాళ మైకు ముందు నిలబడ్డానని ఆ అలవాటు మారదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సారు మమ్మల్ని తమ బాయికాడికి తీసుకుపోయారు. గట్టుకు రెండడుగుల ఇవతల నిలబెట్టి, నా చేతిలో ఒక గులకరాయి పెట్టి, "తొంగి చూడకుండ నీళ్ళు ఎంత లోతున ఉన్నయో చెప్పాలె" అన్నారు. రాయి వదిలాను. ఆయన చేతి గడియారం చూస్తున్నారు. బుడుంగుమని వినపడేసరికి రెండు సెకన్లు. బడికి వచ్చి నల్లబల్ల మీద లెక్క వేస్తే ఇరవై మీటర్లు అని తేలింది. మర్నాడు తాడు వేసి కొలిపిస్తే మీటరున్నర తేడా వచ్చింది. మేం నిరాశపడ్డాం. సారుకు మాత్రం ఆ మీటరున్నరే పండగ. తేడా ఎక్కడ పుట్టింది, గడియారంలోనా, చెవిలోనా, రాయి వదిలిన చేతిలోనా అని వారం రోజులు అదే పాఠం చెప్పారు.

తర్వాత నేను చేసిన ఉద్యోగమంతా ఆ గులకరాయి పనే. సర్వే ఓడల మీద ఉండి, నీళ్ళలోకి శబ్దాన్ని వదిలి, అది అడుగున తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి సముద్రగర్భం పటం గీసేవాణ్ణి. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. రెండు వేల మీటర్ల లోతుకు పోయి రావాలంటే రెండున్నర సెకన్ల పైమాటే. ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు మాత్రం ఓడ ఎక్కనే లేదు. ఒడ్డున, ఊరి మధ్యలో, ఏసీ గదిలో తెరల ముందు కూర్చుని, వందల కిలోమీటర్ల అవతల ఉన్న పడవలనూ, వాటి కింద నీళ్ళలో తిరిగే రోబోలనూ నడిపాను. ఇవాళ మీకు చెప్పదలచింది ఆ గది గురించి. అది మనకెందుకు పట్టాలి అన్నది కూడా చెప్తాను.

ముందు మా అన్న మోటరు సంగతి చెప్పాలి. త్రీఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రికో వచ్చే రోజులు మీకందరికీ గుర్తే. బాపు బ్యాటరీ లైటు పట్టుకుని చీకట్లో పొలం కాడికి పోయేవాడు. తిరిగొచ్చేదాకా అవ్వ అరుగు మీదే కూర్చునేది. అట్లా మోటరు పెట్టబోయి పాము కరిచి, స్టార్టర్ డబ్బాలో షాకు కొట్టి పోయినవాళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. తర్వాత మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. సిమ్ వేసిన చిన్న డబ్బా. ఫోన్ చేస్తే మోటరు తిరుగుతుంది, మళ్ళీ చేస్తే ఆగుతుంది. మా అన్న మంచంలో పడుకునే నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. అవ్వకు అరుగు మీద కూర్చునే పని తప్పింది.

ఒక ఎండాకాలం డబ్బా మోటరు నడుస్తున్నదనే చెప్పింది. రెండు రోజులు అట్లాగే చెప్పింది. మూడో రోజు అన్న పొలానికి పోతే పైపు జాయింటు ఊడి నీళ్ళన్నీ ఒర్రెలో పడుతున్నాయి, మక్క వాలిపోయింది. అప్పుడు అవ్వ అన్న మాట ఉద్యోగం మీద అబుదాబిలో ఉన్న నేను ఫోన్లో విన్నాను: "మోటరు నడుస్తున్నదని డబ్బ చెప్పింది గని, నీళ్ళు పోస్తున్నయని చెప్పిందా బిడ్డా?"

దూరం నుంచి నడిపే విద్యలో ఇంతకంటే లోతైన ప్రశ్న నాకు ఏ మాన్యువల్‌లోనూ కనపడలేదు.

ఓడ మీద పని ఎట్లా ఉండేదో కొంచెం చెప్తాను. ఆర్‌ఓవీ అంటే నీళ్ళలోకి దింపే రోబో. జీపంత సైజుది కూడా ఉంటుంది. కెమెరాలు, లైట్లు, రెండు ఇనుప చేతులు. దానికి కరెంటూ మన ఆదేశాలూ ఒక లావుపాటి కేబుల్ గుండా పోతాయి. రేడియో తరంగాలు ఉప్పునీటిలో ఎక్కువ దూరం పోలేవు కాబట్టి తీగ లేకుండా దాన్ని పట్టుకోలేం. తీగ లేని నీటి రోబోలూ ఉన్నాయి. వాటితో మాట్లాడాలంటే మళ్ళీ శబ్దమే దిక్కు, అదీ పాతకాలపు టెలిగ్రాం లాగా నాలుగు ముక్కలు. ఆర్‌ఓవీని క్రేన్‌తో దింపేటప్పుడూ, ఎత్తేటప్పుడూ ఓడ ఊగుతుంటుంది. టన్నుల బరువు గాలిలో వేలాడుతుంది. నేను చూసిన దెబ్బలన్నీ ఆ పది నిమిషాల్లో తగిలినవే. అంత చేసి రోబో అడుగుకు చేరాక పైలట్ ఏం చూస్తాడు? తెర. ఓడ మీద కంటెయినర్‌లో కిటికీ కూడా లేని గదిలో కూర్చుని తెర చూస్తాడు. ఆ తెర ఓడ మీదే ఎందుకుండాలి అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

జవాబు ఆకాశంలో ఉంది. పాత పద్ధతి ఉపగ్రహాలు భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. నా ఆదేశం అంత పైకి పోయి, దిగి, ఓడను చేరి, రోబో కదిలిన బొమ్మ మళ్ళీ అంత దూరం తిరిగి రావాలి. కాంతి వేగంతో పోయినా అర సెకను. ఒడ్డుకు మారిన కొత్తలో ఆ అర సెకను నన్ను కొట్టిన దెబ్బ చెప్తాను. అడుగున పైపు వెంట రోబోను నడుపుతున్నాను. జాయ్‌స్టిక్ ముందుకు వంచాను, తెర మీద కదలిక లేదు. ఇంకొంచెం వంచాను. రెండు ఆదేశాలూ కలిసి చేరాయి. రోబో దూకి బురదలో ముక్కు పెట్టింది, తెర అంతా మట్టిరంగు. వెనక్కి లాగబోయి మళ్ళీ అదే తప్పు చేశాను. బురద తేరేసరికి కేబుల్ పైపు బిగింపుకు చుట్టుకుని ఉంది. విడిపించడానికి ఆరు గంటలు పట్టింది. నేను చూస్తున్నది ఇప్పటిది కాదు, అర సెకను కిందటిది అని నాకు తెలుసు. తెలిసినా చెయ్యి ఆగలేదు.

ఇప్పుడు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు వేల సంఖ్యలో వచ్చాయి. ఆలస్యం బాగా తగ్గింది. అంతకంటే పెద్ద మార్పు నడిపే తీరులో వచ్చింది. ఎడమకు, కుడికి అని చెప్పడం మానేశాం. "పైపుకు రెండు మీటర్ల పైన నిలబడి దాని వెంట పో" అని చెప్తాం, ప్రవాహాన్ని తట్టుకునే పని రోబోదే. కచ్చరం కట్టినవాళ్ళకు ఇది కొత్త కాదు. తెలిసిన బాట మీద ఎడ్లను అడుగడుగునా తోలరు కదా.

ఇది ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2022 జనవరి 15న పసిఫిక్ మహాసముద్రంలో టోంగా దేశం దగ్గర హుంగా టోంగా అనే సముద్రగర్భ అగ్నిపర్వతం పేలింది. అది మళ్ళీ ఎప్పుడు కదులుతుందో తెలియని చోటు. అడుగు ఎట్లా మారిందో కొలవాలి, మనుషులున్న ఓడను దాని నోటి మీదికి పంపడం ప్రమాదం. అదే ఏడాది మాక్స్‌లిమర్ అనే 12 మీటర్ల పడవ ఆ నోటి మీద తిరిగి పటం గీసింది. పడవలో మనిషి లేడు. నడిపినవాళ్ళు 16 వేల కిలోమీటర్ల అవతల ఇంగ్లండులో, టోల్స్‌బరీ అనే ఊళ్ళో కూర్చున్నారు. పేలుడుకు ముందు 150 మీటర్ల లోతున్న బిలం 850 మీటర్ల దాకా దిగిపోయిందని ఆ ఏడాది సర్వేల్లో తేలింది. టోల్స్‌బరీ మహానగరం కాదు, ఎసెక్స్‌లో ఒక పల్లె. మన మెట్‌పల్లి దానికంటే చాలా పెద్దది. ఈ ముక్క మీరు ఇంటికి తీసుకుపోవాలి.

"సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ" అని పొద్దున నన్ను ఒకాయన అడిగారు. మెట్‌పల్లిలో బస్సెక్కి హైదరాబాదు జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి ప్రగతినగర్ పోతే ఇన్‌కాయిస్ ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో పుట్టింది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత, 2007 అక్టోబర్‌లో, దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే మొదలైంది. సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరం పైనున్న నీటిమట్టంలో సెంటీమీటరు తేడాను కూడా పసిగడుతుంది. ఆ కబురు శబ్దంగా పైకెక్కి తేలే బోయాకు, బోయా నుంచి ఉపగ్రహానికి, ఉపగ్రహం నుంచి హైదరాబాదుకు వస్తుంది. సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలిచే ఆర్గో పరికరాల కబురూ ఉపగ్రహం మీదుగానే వస్తుంది. ప్రపంచమంతా కలిపి నాలుగు వేల దాకా ఉన్నాయి. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, పైకి వస్తూ వేడినీ ఉప్పునూ కొలిచి, ముఖం బయటపెట్టి సమాచారం పంపి మళ్ళీ మునుగుతాయి. వాటిలో కొత్తరకం వాటికి ఒడ్డు నుంచే దినచర్య మార్చవచ్చు. మన దేశం తరఫున ఇదంతా చూసేది కనుచూపు మేరలో సముద్రం లేని తెలంగాణ గడ్డ మీద. సునామీ వచ్చే చోటికి దగ్గరగా హెచ్చరిక కేంద్రం పెట్టకపోవడమే తెలివి కూడా.

అయినా సముద్రం మనకు అంత పరాయిది కాదు. ఎర్దండి రేవులో మనం చూసే గోదావరి ఎర్రనీళ్ళు యుగయుగాలుగా మోసుకుపోయిన ఒండ్రే కాకినాడ అవతల సముద్రం కింద పొరలు పొరలుగా పేరుకుంది. అదే కృష్ణా-గోదావరి బేసిన్. 2002లో అక్కడ డీ6 బ్లాకులో గ్యాసు బయటపడింది, 2009 ఏప్రిల్‌లో గాడిమొగ టెర్మినల్‌కు రావడం మొదలైంది. 2020 డిసెంబర్‌లో మొదలైన ఆర్ క్లస్టర్ బావులు రెండు వేల మీటర్లకు పైగా లోతున ఉన్నాయి. అక్కడికి ఏ డైవరూ దిగలేడు. ఆ బావుల వాల్వులు తిప్పేది ఎప్పుడూ దూరం నుంచే, గొట్టాల్లోంచీ తీగల్లోంచీ పోయే ఆదేశాలతో. చేతితో ముట్టి చేయాల్సిన పని వస్తే రోబో ఇనుప చెయ్యే చేయాలి. మన దేశం కూడా ఆ విద్యలో వెనకబడిలేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళ రోసబ్ 6000 అనే ఆర్‌ఓవీ 2010లోనే మధ్య హిందూ మహాసముద్రంలో 5289 మీటర్లు దిగింది.

మళ్ళీ అవ్వ ప్రశ్నకు వస్తాను. ఒక వర్షాకాలం రాత్రి షిఫ్టులో పక్క కుర్చీలో పాతికేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. చురుకైనవాడు, సముద్రం మీద ఒక్క రాత్రి కూడా గడపనివాడు. పెద్ద నది సముద్రంలో కలిసే చోట సర్వే. తెర మీద అడుగు పళ్ళెంలా వంగి కనపడుతోంది. ఓడ ఎటు తిరిగితే పళ్ళెం అటు తిరుగుతోంది. అతడు అక్కడ నిజంగానే పల్లం ఉందని గుర్తు పెట్టాడు. పరికరాలన్నీ పచ్చలైటు చూపిస్తున్నాయి. మోటరు నడుస్తున్నది.

నాకు ఓడ మీది రోజులు గుర్తొచ్చాయి. వరద కాలంలో నదీముఖం దగ్గర సముద్రం మీద చారలు కనపడతాయి. ఇటు బురదరంగు, అటు నీలం, మధ్యలో నురగా కర్రముక్కలూ. తీపినీరు తేలికగా ఉండి ఉప్పునీటి మీద పొరలాగా పరుచుకుంటుంది. ఆ పొరలో శబ్దం నెమ్మదిస్తుంది, వాలుగా పోయే కిరణం వంగుతుంది. పొద్దున కొలిచిన శబ్దవేగంతో రాత్రి లెక్క కట్టినందుకు చదునైన నేల పళ్ళెమైంది. కొత్తగా శబ్దవేగం కొలిపించగానే పల్లం మాయమైంది. ఆ పిల్లవాడు చాలాసేపు తెర వంకే చూస్తూ కూర్చున్నాడు. సారు మీటరున్నర తేడాతో వారం రోజులు మమ్మల్ని ఎందుకు వేధించారో నాకు ఆ రాత్రి పూర్తిగా అర్థమైంది.

అందుకే ఒడ్డు గదుల్ని మెచ్చుకుంటూనే ఒక మాట గట్టిగా అడుగుతాను. అందులో కూర్చునేవాళ్ళను ముందు కొంతకాలం సముద్రం మీదికి పంపాలి. ఉప్పుగాలి తగలాలి, వాంతులు కావాలి, క్రేన్ కింద నిలబడితే గుండె ఎట్లా కొట్టుకుంటుందో తెలియాలి. ఖర్చని దీన్ని ఎత్తేస్తున్నారు. అది తప్పు.

చేపలు పట్టేవాళ్ళ సంగతీ ఉంది. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో ఐదోది, ప్రతి ఓడా ఎల్లవేళలా కంటితో చూస్తూ, చెవితో వింటూ కాపలా ఉండాలంటుంది. మనిషి లేని పడవకు కన్నెవరు, చెవెవరు? కెమెరాలూ రాడార్లూ అంటారు. కాకినాడ పక్క ఉప్పాడ ఫైబర్ తెప్ప ఒకటి చిన్న లైటు పెట్టుకుని వల వేసి ఉంటే, అలల్లో రాడార్‌కు అది కనీకనపడకుండా ఉంటుంది. ఒక సర్వే పడవ ఆ వల మీదుగా పోతే కేకలేసినా వినేవాడు పడవలో లేడు. అంతర్జాతీయ సముద్ర సంస్థ ఇట్లాంటి ఓడలకు నియమావళి రాస్తోంది. 2032 జనవరి 1 నుంచి దాన్ని తప్పనిసరి చేయాలని సంకల్పం. వల తెగినవాడు ఏ గది తలుపు కొట్టాలో ఆ నియమావళిలో తేలాలని నా కోరిక.

ఇంత చెప్పి కూడా, మనుషులు సముద్రం మీద తగ్గాలనే నేను కోరతాను. 2021 మే 17న తౌక్తే తుఫానులో ముంబై తీరానికి అవతల పీ-305 అనే బార్జి మునిగింది. ఆఫ్‌షోర్ పనివాళ్ళు పడుకునే బార్జి అది. 261 మంది ఉన్నారు, డెబ్బై మందికి పైగా పోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. అట్లాంటి బార్జీల మీద నేను పడుకున్నాను. పైబర్తులో ఒకసారి కోరుట్లతను, ఒకసారి రాయికల్‌తను ఉన్నారు.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో దుబాయి పోయిరాని ఇల్లు ఎంతమందిది? మనకు గల్ఫ్ అంతా దుబాయే. మన మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మనుషులు ఆ సముద్రపు ప్లాట్‌ఫారాల మీద తుప్పు గీకారు, రంగులు వేశారు, వంటలు చేశారు, గిన్నెలు కడిగారు. దూరం నుంచి ఇల్లు నడపడం మనకు ఎవరూ నేర్పలేదు. మొదట జాబులు, తర్వాత క్యాసెట్లు. అవ్వ గొంతు క్యాసెట్‌లో రికార్డు చేసి, సెలవు మీద వచ్చి వాపసు పోయేవాడి చేతికిస్తే నెలకు చేరేది. అందులో వెనక కోడి కూత వినపడేది. ఆ కూత కోసం నేను క్యాసెట్ తిరగతిప్పి వినేవాణ్ణి. బాపు పోయినప్పుడు ఓడ మీదున్నాను. ఒడ్డుకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది.

ఒడ్డు గదిలో పని మొదలైన రోజు షిఫ్టు అయిపోగానే బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. చాయ్ దుకాణం ఉంది. చాయ్ తాగి ఇంటికి పోయాను. పని నుంచి ఇంటికి పోవడం, అదే రోజు పోవడం, అన్నేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి.

ఈ మార్పులో ముందు పోయేవి మనవాళ్ళ పనులే అని దాచకుండా చెప్పాలి. ఓడ మీద యాభై మంది ఉంటే తుప్పు గీకేవాళ్ళు, వంటవాళ్ళు, పక్కలు సర్దేవాళ్ళు ఉంటారు. మనిషి లేని పడవకు వంటవాడు అక్కర్లేదు. గదిలో మిగిలేది కొన్ని కుర్చీలు. నేను పనిచేసిన గదిలో ఎన్నో దేశాలవాళ్ళు ఉండేవారు. ఉత్తర తెలంగాణ నుంచి నేనొక్కణ్ణే. తుప్పు గీకే పనికి మనల్ని వేల మందిని పిలిచిన సముద్రం, కుర్చీ వేసే రోజు వచ్చేసరికి మనల్ని మరిచిపోతే నేను ఊరుకోలేను. కోరుట్లలో పాలిటెక్నిక్ ఉంది, నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. జలసర్వే, సోనార్, నీటి రోబోలు అక్కడ ఒక పేపరుగా అయినా ఎందుకు లేకూడదు?

ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెప్తాను. నేనెక్కిన చాలా ఓడల్లో ఆడవాళ్ళకు వేరే క్యాబిన్ లేదని, వాళ్ళను తీసుకునేవాళ్ళే కాదు. ఒడ్డు గదికి ఆ సాకు లేదు. నేను చూసిన ఆర్‌ఓవీ పైలట్లలో అందరికంటే నిదానమైన చెయ్యి ఒక అమ్మాయిది. అర సెకను ఆగడం ఆమెకు సహజంగా వచ్చేది. మన ఇళ్ళలో చేటలో ఆకు పెట్టుకుని గంటల తరబడి ఒకే కొలతకు బీడీలు చుట్టే తల్లుల బిడ్డలకు ఆ నిదానం కొత్త విద్య కాదు.

ఈ ఉపన్యాసానికి నిర్వాహకులు ఇచ్చిన సంభావనకు నా చేతి డబ్బు కొంత కలిపి సామాను తెచ్చాను. ప్లాస్టిక్ పైపులు, పడవల్లో నీళ్ళు తోడే చిన్న మోటర్లు నాలుగు, ఒక కెమెరా, యాభై మీటర్ల కేబుల్. బడిపిల్లలు చేయగలిగిన ఆర్‌ఓవీ దీంతో తయారవుతుంది. పది మంది పేర్లిచ్చారు, అందులో ఆరుగురు ఆడపిల్లలు. సారు బాయి ఇంకా పూడలేదు. దాంట్లో దింపడానికి అమ్మ ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి అందరూ బాయికాడికి రావాలి. తాడు, లైఫ్ జాకెట్ నేను తెస్తాను. పిల్లలెవరూ గట్టు మీదికి పోవద్దు. కేబుల్ కొస మోటరు గదిలో ఉంటుంది, అక్కడే కూర్చుని నడపాలి. లోతు ముందు లెక్క వేసి కాగితం మీద రాసి ఇవ్వాలి, తాడుతో కొలిచేది ఆ తర్వాతే.